1.4 అంటే ఎంత బావా?

ఒరేయ్ బావా,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. పాత కిడ్నీ పరీక్షల లెక్కలు పోగేస్తున్నామంటే, "అంతా కంప్యూటర్లోనే ఉందిగా, బటన్ నొక్కితే రాదా, మీకింకా ఏం పనిరా" అని నవ్వావు. ఫోన్లో చెప్పబోతే మధ్యలో పేషెంటు వచ్చాడని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా. తీరిగ్గా చదువు.

మన ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతే తీసుకో. కవిటి, సోంపేట, కంచిలి, మందస... ఎన్ని బృందాలు వచ్చి రక్తం తీసుకెళ్లాయో అక్కడి ముసలాళ్లే చెబుతారు. కారణం మాత్రం ఇప్పటికీ తేలలేదు. ఆ లెక్కలన్నీ ఒకచోట పోగేస్తే ఏదైనా దొరుకుతుందేమోనని మా ఆశ. తీరా కూర్చుంటే టెన్షన్ అంతా క్రియాటినిన్ దగ్గరే, అదే, కిడ్నీ సరిగ్గా వడకట్టకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం.

ఒక పాత ఎక్సెల్ షీటుంది. ఒకే కాలమ్‌లో ఒక గడిలో 1.4, దాని కింద 124, ఆ కింద "నార్మల్", తర్వాతది ఖాళీ. 124 చూసి మనిషి బతికే ఉన్నాడా అనుకున్నా. అది మైక్రోమోల్స్ అనే వేరే కొలతలో రాసిందట. 88.4తో భాగిస్తే మన మిల్లీగ్రాముల లెక్కలో మళ్లీ అదే 1.4. ఇది తేలిగ్గా తెమిలింది. అసలు చిక్కు ఆ 1.4 లోనే ఉంది.

నీకు చెప్పేంతవాణ్ణి కాదులే. క్రియాటినిన్ కొలవడానికి పిక్రిక్ యాసిడ్‌తో చేసే జాఫే పద్ధతి 1886 నాటిది. చవక కాబట్టి ఇప్పటికీ నడుస్తోంది. గ్లూకోజునీ ప్రొటీన్లనీ కూడా కొంత క్రియాటినిన్ కిందే జమ కట్టేస్తుంది. ఎంజైమ్ పద్ధతిలో ఆ బాధ తక్కువ. ఇప్పుడు 45 ఏళ్ల మగమనిషి ఒకడున్నాడనుకో. 2021 నాటి సీకేడీ-ఎపి సూత్రంలో 1.4 వేస్తే ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీ వడకట్టే వేగం అంచనా, 63 వస్తుంది, 1.5 వేస్తే 58. జబ్బు అనడానికి మనం గీసుకున్న గీతేమో 60. ఆ 0.1 తేడా వాడి కిడ్నీది కాకుండా పరీక్షకి వాడిన రసాయనం, ఆ రీజెంటుదైతే? ఈ ఊళ్లో జబ్బు ఎక్కువ, పక్క ఊళ్లో తక్కువ అని మ్యాపు గీసి, నీళ్లనో పురుగుమందునో అనుమానిస్తూ కూర్చుంటాం. చూడబోతే తేడా ఊళ్లది కాదు, ల్యాబులది! షీటులో పద్ధతి పేరు ఎక్కడా లేదు. ఇప్పుడు ఎవరిని అడగాలి? ఆ మెషీన్ ఎప్పుడో పాత సామాన్లకి పోయుంటుంది.

అలాగని పాత డేటా పనికిరాదనను. 2019లో ఒక మంచి పని జరిగింది. షుగరు, గుండె జబ్బుల కోసం చేసిన మూడు సర్వేల్ని తీసి, షుగరూ బీపీ లేని దాదాపు 12,500 మందిలో కిడ్నీ ఎలా ఉందో చూశారు. మొత్తం మీద 1.6 శాతం మందికి ఈజీఎఫ్ఆర్ 60 కంటే తక్కువ. దక్షిణాది పల్లెల్లో మాత్రం అది 4.8. కొత్తగా ఒక్క సూది గుచ్చకుండానే ఇంత తెలిసింది. మొదట రాసినవాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని రాయబట్టే కదా!

ఆరోగ్యశ్రీలో బోలెడు డేటా ఉందిగా అంటావేమో. 2007లో మొదటి విడతలోనే మన శ్రీకాకుళం ఉంది, నిజమే. కానీ అవి బిల్లు కోసం రాసిన కాగితాలు. డయాలసిస్ ఎన్నిసార్లు చేశారో చెబుతాయి. జబ్బు ఎలా మొదలైందో వాటికేం పట్టింది?

ఇక ప్రమాణాలంటావా, ఉన్నాయి. ల్యాబు పరీక్షలకి కోడ్లిచ్చే లోయింక్ పట్టికలో సీరమ్ క్రియాటినిన్‌కి 2160-0 అని కోడు. అది వేస్తే పుణెలో అయినా పలాసలో అయినా ఏ టెస్టో తెలుస్తుంది. ఏ పద్ధతో ఆ కోడు చెప్పదు, విడిగా రాయాల్సిందే. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఆరోగ్య రికార్డులు ఇచ్చిపుచ్చుకోవడానికి వాడే ఫైర్ (FHIR) ప్రమాణంలో దానికో గడి కూడా ఉంది. నింపేవాడే లేడు. ఆభా అనే 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరు వచ్చాక మనిషిని పోల్చుకోవడం కాస్త సులువు. పాత క్యాంపుల్లో అదీ లేదు. పేరు స్పెల్లింగ్ మారిందా, ఒకడే ముగ్గురైపోతాడు.

ఎవరి జబ్బో ఊరికి తెలిసిపోతుందేమోనని నువ్వన్న భయం మాత్రం సరైనదే. పేరు తీసేసినంత మాత్రాన సరిపోదు. చిన్న ఊళ్లో వయసు, పని, వీధి చెబితే ఎవరో పసిగట్టేస్తారు. కిడ్నీ జబ్బున్న ఇల్లని తెలిస్తే పెళ్లి సంబంధాలు వెనక్కి పోతాయి, నీకు తెలియంది కాదు. 2020లో ఇంగ్లండ్‌లో ఓపెన్‌సేఫ్లీ వాళ్లు 1.7 కోట్ల మంది రికార్డుల మీద కోవిడ్ మరణాల్ని పరిశీలించారు. రికార్డులు ఉన్నచోటే ఉన్నాయి, లెక్కకట్టే ప్రోగ్రామే అక్కడికి వెళ్లింది. నాకు నచ్చిన దారి అది.

సరే, నీతో పని చెబుతా. రిపోర్టు టెంప్లేటు మార్పిస్తున్నావటగా. క్రియాటినిన్ కింద ఒక్క లైను వేయించు: జాఫేనా ఎంజైమా, ఐడీఎంఎస్ అనే ప్రామాణిక కొలతకి సరిచూసిన కిట్టేనా కాదా అని. కిట్టు మార్చిన తేదీ ఏదో ఒక నోటుబుక్కులో రాసి పెట్టు. సాఫ్ట్‌వేర్ కుర్రాడు "ఆ ఫీల్డు లేదు సార్" అంటాడు, చూస్తుండు. అప్పుడు నాకు ఫోన్ కలుపు, నేను మాట్లాడతా.

సంక్రాంతికి వస్తున్నా. ఖాళీ రిపోర్టు ఒకటి తీసి ఉంచు. చెల్లెమ్మని అడిగానని చెప్పు. జీడిపప్పు సంగతి తనకే గుర్తుచేస్తాలే, నిన్ను నమ్ముకుంటే అయినట్టే.

ఇట్లు,
నీ పాత రూమ్మేట్