పుస్తకాలు సర్దేముందు

హనుమకొండ

చిరంజీవి స్వాతికి,

నాన్న ఆశీస్సులు. అందరం క్షేమం. అమ్మ మోకాలు కొంచెం నయం. మాజీ ప్రధాని పీవీ నరసింహారావు మీద నోట్సు రాసి పంపమని నువ్వడిగి రెండు నెలలైంది, ఇప్పటికి కుదిరింది. ఈ ఉత్తరం అందుకే. మొన్న రాజన్న వచ్చి, నువ్వు పుస్తకాలన్నీ జూనియర్లకు ఇచ్చేశావనీ, నెలాఖరుకు రూమ్ ఖాళీ చేస్తున్నావనీ చెప్పిపోయాడు. చెప్పేవాళ్లు చెప్తారు. నోట్సు సంగతి చూద్దాం.

లక్నేపల్లిలో 1921 జూన్ 28న పుట్టడం, వంగరకు దత్తత పోవడం, 1957 నుంచి వరుసగా నాలుగుసార్లు మంథని ఎమ్మెల్యే కావడం రెండు వాక్యాల్లో ముగించు. ముఖ్యమంత్రి పదవి దగ్గర ఆగు. 1971 సెప్టెంబరు నుంచి 1973 జనవరి దాకా ఉన్నారు. భూసంస్కరణలతో భూస్వాములకు కోపం తెప్పించారు. తెలంగాణలో ఉద్యోగాలు స్థానికులకే అనే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పాక, ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరుతూ జై ఆంధ్ర ఉద్యమం లేచింది. పదవి పోయింది, రాష్ట్రపతి పాలన వచ్చింది.

1984లో మన హనుమకొండలోనే ఓడిపోయారు, చందుపట్ల జంగారెడ్డి చేతిలో. అదే ఎన్నికలో మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి కూడా నిలబడ్డారు కాబట్టి లోక్‌సభకు వెళ్లారు. రెండో దారి చూసుకోవడం వేరు బిడ్డా, మొదటిది ఎవరికీ చెప్పకుండా వదిలేయడం వేరు.

1991లో ఆయన పోటీ చేయలేదు. ఏడాది ముందు గుండె ఆపరేషన్ జరిగింది. పుస్తకాలు సర్దించి, ఢిల్లీ వదిలి హైదరాబాదు వచ్చేద్దామనుకున్నారు. మే 21న రాజీవ్ గాంధీ హత్య జరిగింది. సరిగ్గా నెలకు, జూన్ 21న, పీవీ ప్రధాని. వయసు డెబ్బైకి వారం తక్కువ. నీకు ఇరవై ఆరు.

ఇప్పుడు అసలు ప్రశ్న, రూపాయి విలువ తగ్గింపు. అందరూ ఒక్క వాక్యంలో దాటేస్తారు, నువ్వు మెట్లు రాయి. విదేశీ మారకం రెండు వారాల దిగుమతులకు కూడా అటూ ఇటుగా ఉంది. అప్పు కావాలంటే రూపాయి విలువ తగ్గించాలి. ఒక్కసారే తగ్గిస్తే గగ్గోలు, కొంచెం కొంచెంగా లాగితే ఇంకా పడుతుందని వ్యాపారులు డాలర్లు దాచుకుంటారు. అందుకని రెండడుగులు. జూలై 1న సుమారు 9 శాతం తగ్గించి మార్కెట్టు ఎలా ఉంటుందో చూశారు. రెండోది జూలై 3న, సుమారు 11 శాతం. మధ్యలో రాజకీయంగా విమర్శలు మొదలయ్యాయి. పీవీకి గుబులు పుట్టి, మూడో తేదీ పొద్దున రెండో అడుగు ఆపమని ఆర్థికమంత్రి మన్మోహన్‌సింగ్‌కు చెప్పారు. ఆయన రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరు రంగరాజన్‌కు ఫోను చేశారు. అప్పటికే పని జరిగిపోయిందని అవతలి నుంచి జవాబు. ఇక పీవీ వెనక్కి లాగలేదు, మన్మోహన్‌ను వదులుకోలేదు. అంత పెద్దాయనకూ సగం దారిలో భయం వేసింది. భయం వేస్తే ఎవరికో ఒకరికి ఫోను చేయాలి. మూడు వారాలుగా ‘ఓకే నాన్న’ అని మెసేజీ పెట్టి ఊరుకుంటే ఇక్కడ మాకేం తెలుస్తుంది?

అదే నెలలో సుమారు 47 టన్నుల బంగారం ఇంగ్లండ్, జపాన్ బ్యాంకుల్లో కుదువ పెట్టారు. జూలై 24న బడ్జెట్టు. అదే రోజు పారిశ్రామిక విధానం కూడా సభలో పెట్టారు, 18 రకాల పరిశ్రమలకు తప్ప లైసెన్సు అక్కర్లేదని. పరిశ్రమల శాఖ ప్రధాని దగ్గరే ఉన్నా, ప్రవేశపెట్టింది సహాయమంత్రి కురియన్. మర్నాటి పత్రికలన్నీ బడ్జెట్టు వెంట పడ్డాయి. మంత్రివర్గం గొణిగితే విధానం మార్చలేదు, నెహ్రూ, ఇందిర పేర్లతో పీఠిక చేర్పించారు. మెజారిటీ లేని ప్రభుత్వాన్ని నడిపిన నేర్పు నాకు అక్కడ కనిపిస్తుంది. నంద్యాల ఉప ఎన్నికలో ఆయనకొచ్చిన భారీ మెజారిటీ కంటే అది రాయి.

మనవాడని మెచ్చుకుంటూ పోకు. 1992 డిసెంబరు 6న అయోధ్యలో బాబ్రీ మసీదు కూలుతుంటే కేంద్రం ఆపలేకపోయింది. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన హామీని నమ్మడం ఆయన తప్పే అని నేను అనుకుంటాను. 1993లో అవిశ్వాసం 14 ఓట్లతో గట్టెక్కిన తీరు మీద, ఎంపీలకు లంచాలిచ్చారని కేసు నడిచింది, 2000లో శిక్ష పడింది, 2002లో హైకోర్టు కొట్టేసింది. రెండు తేదీలూ రాయి. 2004 డిసెంబరులో కన్నుమూస్తే దహనం ఢిల్లీలో కాదు, హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ పక్కన జరిగింది. భారతరత్న 2024లో గానీ రాలేదు.

అరవై దాటాక కంప్యూటర్ ముందు కూర్చుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నారు. నీ ల్యాప్‌టాప్ బాగు చేయించావా? డబ్బులు వేశాను, చూసుకో.

తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చే సుగుణత్త చేతికి కందిపొడి, సకినాలు ఇచ్చాను. పొడిలో తడి చెంచా పెట్టకు. పొద్దున పొగమంచులో నడవకు. గీజర్ స్విచ్చి ఆపి స్నానం చెయ్యి.

ఆదివారం ఏడింటికి ఫోను దగ్గరే ఉంటాను. అమ్మ గుడికి వెళ్తుంది, నేనొక్కడినే ఉంటాను. నిజంగానే వచ్చేయాలని ఉంటే వచ్చేయి, నీ గది అలాగే ఉంది. కానీ మనం మాట్లాడుకునేదాకా ఆ ఓనరు దగ్గర అడ్వాన్సు వెనక్కి తీసుకోకు.

నాన్న