చిన్నికి టీసీ తీసుకోకముందే ఇది చదువు అక్కా

అక్కా,

చిన్నిని మన ఊరి హైస్కూల్ మాన్పించి విజయవాడలో హాస్టల్ ఉన్న ప్రైవేటు స్కూల్లో వేస్తున్నామని నువ్వు చెప్పినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

ఇక్కడ ఇంగ్లండులో, మేముండే స్లౌ ఊళ్ళో మావాడు వెళ్ళేది సర్కారు బడికే. ఫీజు లేదు, రెండో తరగతి దాకా అందరికీ మధ్యాహ్నం భోజనం కూడా ఉచితం. వాడి పక్కన కూర్చునే పిల్లాడి నాన్న బస్సు డ్రైవరు, వెనక కూర్చునే పిల్ల వాళ్ళమ్మ డాక్టరు. ఇంగ్లండులో ప్రైవేటుకి పోయేది నూటికి ఏడుగురు పిల్లలే, 2025 జనవరి నుంచి ఆ ఫీజుల మీద 20 శాతం పన్ను కూడా వేశారు. అలాగని అంతా బాగుందనను. ఇంటి దూరం చూసి సీటిస్తారు కాబట్టి మంచి బడి దగ్గర అద్దెలు మండిపోతాయి, మేమూ అందుకే ఎక్కువ కట్టి ఈ వీధికి వచ్చాం. గ్రామర్ స్కూళ్ళని ఉన్నాయి, అవీ సర్కారువే గానీ పదేళ్ళకే ఎంట్రన్సు, దానికోసం మనవాళ్ళు ఎనిమిదేళ్ళ పిల్లల్ని ట్యూషన్లకి తిప్పుతుంటే చూడలేకపోతున్నాను.

కానీ ఒకటి చూశానక్కా. పోయినేడు మావాడి టీచరు మధ్యలో మానేసి వారానికో కొత్త మనిషి వస్తుంటే, తల్లిదండ్రులంతా కలిసి హెడ్ టీచర్ని కూర్చోబెట్టి అడిగారు. నెల తిరక్కుండా టీచర్ని వేశారు. ఎవరూ పిల్లల్ని తీసుకుపోలేదు. మన ఊళ్ళో ఏం జరిగింది? అడగగలిగిన వాళ్ళంతా పిల్లల్ని వ్యానెక్కించేశారు, కూలికెళ్ళే వాళ్ళ పిల్లలు మిగిలారు, వాళ్ళు ఒకరోజు పని మానుకుని ఎవరిని అడగగలరు? లెక్కల మాస్టారు బదిలీ అయ్యి ఆర్నెల్లైనా ఎవరూ రాలేదని బావగారు అన్నది నిజమే, ఆయన కోపంలో తప్పు లేదు. అయితే మిగతా మాస్టార్లు డీఎస్సీ రాసి వచ్చినవాళ్ళు, మనిద్దరికీ చెప్పిన మాస్టార్ల లాంటివాళ్ళే.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్ళు. నువ్వు డిగ్రీ చదివావు, నలుగురిలో మాట్లాడగలవు. ఒక్కసారి కమిటీలోకి వెళ్ళి ఆ లెక్కల పోస్టు గురించి ఎంఈవో దాకా అర్జీ పెట్టించు. ఈలోగా చిన్నికి లెక్కల ట్యూషన్ డబ్బులు నేను పంపిస్తాను. పదకొండేళ్ళ పిల్లని హాస్టల్లో వదిలి నువ్వు ఉండగలవా, అది ఉండగలదా, దాన్ని అడిగారా అసలు?

ఆదివారం పొద్దున ఫోన్ చేస్తాను, బావగారిని ఇంట్లో ఉండమను.

నీ తమ్ముడు