ఆ పటం మళ్ళీ మా టేబుల్ మీదికి వచ్చింది. అందరికీ కృతజ్ఞతలు

రెండు నెలల కిందట, నీళ్ళలో పాడైన మా పాత బోర్డు ఆటకి పటం, పావులు, రూల్స్ పుస్తకం దొరుకుతాయేమోనని నేను సాయం అడిగినప్పుడు ఒకరిద్దరు పలికితే చాలనుకున్నాను. మీరు చేసినదానికి ఎలా థాంక్స్ చెప్పాలో తెలియక వారం రోజులుగా ఇది రాస్తూ, చెరిపేస్తూ ఉన్నాను.

1993లో ఎమ్మెస్‌కని హ్యూస్టన్ వచ్చినప్పుడు ఒకే అపార్ట్‌మెంటులో నలుగురం ఉండేవాళ్ళం. ఒక శనివారం రాత్రి పక్క ఫ్లాటు అమెరికన్ కుర్రాడు పెద్ద పెట్టె ఒకటి చంకన పెట్టుకుని వచ్చాడు. యాక్సిస్ అండ్ అలైస్, మిల్టన్ బ్రాడ్లీ వాళ్ళు 1984లో తెచ్చిన బోర్డు ఆట. టేబులంతా పరుచుకునే ప్రపంచ పటం, దాని మీద 1942 వసంతం నాటి యుద్ధం. ఆడే దేశాలు ఐదు, మేమూ ఐదుగురమే. ఆ రాత్రి మొదలుపెట్టిన ఆట తెల్లారి నాలుగింటికి గానీ వదల్లేదు. తర్వాత రెండేళ్ళు మాకు శనివారం అంటే అదే. జపాన్‌వి పసుపు పావులు. అవి చాలకపోతే కందిపప్పు పోసేవాళ్ళం, ఒక్కో బద్ద ఒక్కో సైనికుడు.

మా కాకినాడ వాడికి ఎప్పుడూ బ్రిటనే కావాలి. బ్రిటన్ చేతికి మొదట 30 ఆట డబ్బులు వస్తాయి. వాడు అందులో సగం, అంటే 15 పెట్టి ఇండియాలో కొత్త పావులు దించడానికి ఫ్యాక్టరీ కట్టేవాడు. పటం మీద ఇండియా విలువ, అంటే టర్న్‌కి దాని మీద వచ్చే డబ్బు, 3 మాత్రమే, అంత ఖర్చు దండగని మేమంతా మొత్తుకునేవాళ్ళం. వినేవాడు కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేసినప్పుడు వాళ్ళ నాయనమ్మ చంటిబిడ్డనెత్తుకుని, బండి కట్టించుకుని ఊరు వదిలిపోయిందట. ఆ కథ వింటూ పెరిగినవాడు. "ఆట పోతే పోయింది, మా ఊరు మాత్రం పోనివ్వన్రా" అనేవాడు. పటంలో కాకినాడ లేదు. బంగాళాఖాతం అంచున వేలు పెట్టి, ఇదిగో ఇక్కడ అని చూపించేవాడు.

అమెరికన్ మిత్రుడు ఊరు మారుతూ ఆ పెట్టె నాకిచ్చి వెళ్ళాడు. 2017లో హార్వీ తుఫానుకి మా గరాజులోకి నీళ్ళొచ్చి పటం అట్ట పొరలు పొరలుగా ఊడిపోయింది. ఆట డబ్బులు ముద్దయిపోయాయి, పసుపు పావుల సంచి కొట్టుకుపోయింది. మిగిలినవి పారెయ్యడానికి చేతులు రాక ఒక డబ్బాలో దాచాను. ఇప్పుడు మా కాకినాడ వాడు కూతురి గ్రాడ్యుయేషన్‌కని 22 ఏళ్ళ తర్వాత వస్తున్నాడని తెలిసి మిమ్మల్ని అడిగాను.

ఒహాయోలోని పెద్దాయనా, మీ పిల్లలతో ఆడుకున్న పటాన్ని, ముఖం కూడా చూడని నాకు పంపించారు. మడతల దగ్గర మీరు ఎప్పుడో అంటించిన టేపు అలాగే ఉంది, తీయను. పోస్టు ఖర్చు కూడా వద్దన్నారు, అందుకని మా కాకినాడ వాడు తెచ్చిన కాజాల్లో ఒక డబ్బా మీకు పంపాం. న్యూజెర్సీ అక్కా, రూల్స్ పుస్తకం ప్రతి పేజీ ఫోటో తీసి పంపారు. కొత్తగా కట్టిన ఫ్యాక్టరీలో ఒక్కో టర్న్‌కి ఆ ప్రాంతం విలువ ఎంతో అన్ని పావులే దించాలని మీరు గుర్తు పెట్టిన చోట చూసి ముగ్గురం కాసేపు మాట్లాడలేదు. ఇండియా విలువ 3, అంటే ముగ్గురినే దించాలి. అన్నేళ్ళూ ఇండియాలో ఒక్కసారే ఎనిమిదేసి మందిని దించాం మేము!

హైదరాబాద్ తమ్ముడూ, నువ్వు త్రీడీ ప్రింటర్ మీద చేసిన 24 మంది పసుపు సైనికులు, 2 విమానవాహక నౌకలు మా కాకినాడ వాడి సూట్‌కేసులోనే వచ్చాయి. లోపల ఏముందో వాడికి చెప్పలేదు. మా టేబుల్ దగ్గర కూర్చుని పొట్లం విప్పి, ఒక సైనికుణ్ణి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. నౌక మీద డెక్ గీతలు కూడా చెక్కావు, వాడు గోటితో తడిమి చూసుకున్నాడు.

శనివారం ముగ్గురం కూర్చున్నాం, మిగతా ఇద్దరూ వీడియో కాల్లో. మొదట రష్యా, తర్వాత జర్మనీ. బ్రిటన్ వంతు రాగానే వాడు 15 లెక్కపెట్టి పక్కన పెట్టాడు. ఈసారి ఎవరం వద్దనలేదు.

ఆట పూర్తి కాలేదు. వాడు మంగళవారం వెళ్ళిపోయాడు. పటం అలాగే ఉంది, ఇంట్లో ఎవరినీ కదపొద్దన్నాను. బర్మా నిండా తమ్ముడు చేసిన పసుపు పావులే, ఇండియాలో ఇంకా ఆరుగురు ఉన్నారు.