భుజాన సంచితో వచ్చే యువతకు నగరంలో వసతి ఏది?

సంపాదకుల వారికి నమస్కారం.

సెలవులు వస్తే చాలు, బరువైన బ్యాక్‌ప్యాక్‌లు భుజాలకు తగిలించుకుని, నలుగురైదుగురు స్నేహితులు కలిసి హైదరాబాద్ చూడటానికి రావడం ఇప్పుడు మామూలైంది. శ్రీకాకుళం నుంచి రాత్రి రైలెక్కినవారు, అనంతపురం బస్సులో వచ్చినవారు, ఇతర రాష్ట్రాల విద్యార్థులు, అప్పుడప్పుడు విదేశీయులు వీరిలో ఉంటారు. వీరి దగ్గర డబ్బు తక్కువ, నడిచే ఓపిక ఎక్కువ. ఖరీదైన హోటళ్లకూ కన్వెన్షన్ సెంటర్లకూ ఇచ్చే ప్రాధాన్యంలో కొంతైనా ఈ అతిథులకు దక్కడం లేదన్నది నా బాధ.

తెల్లవారుజామున దిగగానే వారికి ఎదురయ్యే మొదటి కష్టం సంచి. రైల్వే క్లోక్‌రూములో పెట్టాలంటే ప్రయాణ టికెట్ చూపాలి, సామానుకు తాళం వేసి ఉండాలి. బస్సులో వచ్చినవారి దగ్గర రైలు టికెట్ ఉండదు, తాడు బిగించి మూత కట్టే సంచికి తాళం వేసే వీలుండదు. పోనీ పూట గడపడానికి గది తీసుకుందామంటే, ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి వచ్చారన్న ఒక్క కారణంతో ఖాళీ గదులుండి కూడా లేవని చెప్పే లాడ్జీలున్నాయి; మా బంధువుల పిల్లలకు అదే అనుభవమైంది. చివరికి ఆ బరువుతోనే ఊరంతా తిరుగుతారు. చార్మినార్ పైకి వెళ్లే 149 మెట్లు ఇరుకైన మెలికల మెట్లు. అక్కడ వీపున సంచి ఉన్న కుర్రాడు గోడకు పక్కకు తిరిగి నిలబడితే తప్ప, దిగేవారికి దారి దొరకదు.

సంచి దింపుకోగలిగితే ఈ నగరం నడిచి చూడదగ్గది. 2018లో మెట్రో ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దాకా వచ్చింది, పాత నగరంలోకి ఇంకా పోలేదు. ఎంజీబీఎస్ నుంచి చార్మినార్‌కు సుమారు రెండు కిలోమీటర్లు. ఆ దారిలో అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో, 1908 సెప్టెంబరు మూసీ వరదలో తన కొమ్మలెక్కిన దాదాపు 150 మంది ప్రాణాలు నిలిపిన చింతచెట్టు, నయాపూల్ వంతెన, హైకోర్టు, ఆవలి వైపు సాలార్‌జంగ్ మ్యూజియం, మదీనా, పత్తర్‌గట్టి వరసగా తగులుతాయి. ఇంత దట్టంగా చరిత్ర నిండిన నడక మన రాష్ట్రంలో మరొకటి ఉందని నేననుకోను. కానీ కొత్తగా వచ్చినవారికి దారి చూపే బోర్డులు చాలవు, ఫుట్‌పాత్ చాలాచోట్ల పగిలి రోడ్డు మీదికి దిగి నడవాల్సి వస్తోంది. చిరువ్యాపారులను వెళ్లగొట్టమని నేను అడగడం లేదు. వారికి గీత గీసి చోటు చూపి, మిగిలిన వెడల్పు నడిచేవారికి వదిలితే చాలు.

పర్యాటక శాఖ, నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ), మెట్రో అధికారులు కలిసి ఆలోచించవలసింది ఒకటుంది. ఇప్పటికే కొన్ని మెట్రో స్టేషన్లలో క్యూఆర్ కోడ్‌తో తెరుచుకునే లాకర్లు ఏర్పాటు చేశారు. పెద్ద సంచులు పట్టేలా అలాంటివి ఎంజీబీఎస్‌లోనూ, గోల్కొండ కోట ద్వారం దగ్గరా, ఏ టికెట్ అడగకుండా, గంటల లెక్కన స్వల్ప రుసుముతో ఇవ్వాలి. కోటకు రెండు కిలోమీటర్ల లోపే ఉన్న కుతుబ్‌షాహీ సమాధులకు కూడా అప్పుడు పిల్లలు తేలికగా నడిచి వెళ్లగలుగుతారు. లాకర్ల పక్కనే శుభ్రమైన మరుగుదొడ్లు, తాగునీరు, తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ భాషల్లో నడకదారి పటం ఉండాలి. శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియానికి సెలవన్న సంగతి అందులో పెద్ద అక్షరాలతో రాయాలి. నగరమంతా రోజు మొత్తం బస్సులో తిరగనిచ్చే ఆర్టీసీ టీ-24 టికెట్ గురించి బయటి ఊళ్లవారికి తెలియడం లేదు కనుక, ఆ వివరం కూడా అక్కడే పెట్టాలి.

రాబోయే వేసవి సెలవులలోపు కనీసం ఎంజీబీఎస్‌లోనైనా ఈ ఏర్పాటు మొదలుపెట్టాలని మీ పత్రిక ద్వారా అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, నారాయణగూడ, హైదరాబాద్