రాడార్ ఉంటే సరిపోదు, దానికి పడవ కనపడాలి

ఎడిటర్ గారికి,

ఓడ తగిలి తెప్ప బోల్తా పడిందన్న వార్త వచ్చినప్పుడల్లా మా వీధి టీ కొట్టు దగ్గర ఒకటే మాట, "అంత పెద్ద ఓడకి రాడార్ లేదా, కళ్లు మూసుకుని నడిపారా?" అని. ఓడవాళ్లని వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు, కళ్లతో కాపు కాయాల్సిన బాధ్యత వాళ్లదే, అంతర్జాతీయ రూల్సే ఆ మాట చెబుతున్నాయి. కానీ సరుకు ఓడల మీద ఏళ్ల తరబడి నైట్ డ్యూటీలు చేసినవాణ్ని కాబట్టి రాడార్ సంగతి కొంచెం చెప్పాలి.

అది చేసేదల్లా కేకేసి ప్రతిధ్వని కోసం చెవి ఒగ్గడమే. రేడియో తరంగాన్ని చిన్న ముక్కగా వదులుతుంది, అది దేనికో తగిలి వెనక్కి రావడానికి పట్టిన టైమే దూరం, అప్పుడు యాంటెనా ఎటు తిరిగి ఉంటే అదే దిక్కు. 3 కిలోమీటర్ల అవతలి తెప్పకి వెళ్లి రావడానికి 20 మైక్రోసెకన్లు చాలు. అసలు చిక్కు ఎంత తిరిగొస్తుందన్న దగ్గరుంది. దూరం రెట్టింపైతే వచ్చేది 16వ వంతే! ఇనుప ఓడైతే ఆ మిగిలిందీ గట్టిగానే వస్తుంది, మన ఫైబర్ తెప్పల నుంచి వచ్చేది బహు తక్కువ. పైగా అలలు కూడా ప్రతిధ్వని ఇస్తాయి, గాలి రేగిన రాత్రి స్క్రీన్ మధ్యంతా ఇసక చల్లినట్టుంటుంది. ఆ ఇసకని తగ్గించడానికి సీ క్లటర్ అని ఒక నాబ్ ఉంటుంది, అది కాస్త ఎక్కువ తిప్పామా, అలలతో పాటు తెప్పా పోతుంది.

ఓ రాత్రి విశాఖ లంగరు చోటికి వస్తుంటే రాడార్ స్క్రీన్ మీద ఎడమ పక్క ఓ చుక్క కనపడింది. యాంటెనా రెండున్నర సెకన్లకోసారి తిరుగుతోంది, చుక్క ఒక చుట్టులో ఉంది, తర్వాత నాలుగు చుట్లు లేదు, మళ్లీ వచ్చింది. వరసగా చుక్కలు పడితేనే కంప్యూటర్ వాటిని కలిపి వేగం, దిశ, ఎంత దగ్గరగా దాటుతుందో లెక్క తేలుస్తుంది. లెక్క కుదురుకోవడానికి మూడు నిమిషాల దాకా పడుతుంది, 15 నాట్లతో నడిచే ఓడ ఆ లోపల దాదాపు 1.4 కిలోమీటర్లు వెళ్లిపోతుంది. మధ్యలో చుక్క జారిపోతే మళ్లీ మొదటికే. అంత టెన్షన్ పడ్డాక చివరికి బైనాక్యులర్స్‌లో దొరికింది, చిన్న లాంతరుతో వల లాగుతున్న తెప్ప.

రాడార్‌కి కనపడాలని కొందరు తెప్ప గెడకి సత్తు బిందె కడతారు. గుండ్రటి బిందె తరంగాన్ని నాలుగు దిక్కులకీ చెదరగొడుతుంది, ఓడకి చేరేది కొంచెమే. దాని బదులు మూడు రేకులని గది మూలలాగా కలపాలి. మూలకేసి బంతి విసిరితే నేలకీ రెండు గోడలకీ తగిలి మన వైపే వస్తుంది చూడండి, అదే సూత్రం. అలాంటి మూలలు అన్ని వైపులకీ ఉండేలా చేసిందే రాడార్ రిఫ్లెక్టర్. అంచు 30 సెంటీమీటర్లుంటే బిందె కన్నా వందల రెట్లు వెనక్కిస్తుంది. ఒక్కటే జాగ్రత్త, రేకులు ఒకదానికొకటి సరిగ్గా లంబంగా ఉండాలి, కాస్త వంకరైనా పని చెడుతుంది.

జూన్ 14తో వేట నిషేధం అయిపోయి తెప్పలన్నీ ఒక్కసారి సముద్రం మీద పడతాయి. ఆ లోపు ఓ ఆదివారం మీ పేపర్లో ఈ రిఫ్లెక్టర్ బొమ్మ, కొలతలతో సహా, పెద్దగా వేయండి. రాసి ఇమ్మంటే ఇస్తాను, బొమ్మ మాత్రం నాకు గీయడం రాదు.

ఇట్లు,
ఓ పాత ఓడ ఆఫీసరు,
పెదవాల్తేరు, విశాఖపట్నం