పొదిలి కండక్టర్ గారికి, ఎక్కడున్నా

నిన్న సాయంత్రం అమ్మని ఇంటికి తీసుకొచ్చాం. ఐదు రాత్రులు నెల్లూరులో ఆసుపత్రి బల్ల మీద కునికిపాట్లు పడ్డా, ఇప్పుడు మంచం మీద పడుకుంటే నిద్ర రావట్లేదు. అందుకే రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

అమ్మకి రొమ్ము క్యాన్సర్. 21 రోజులకొకటి చొప్పున ఇప్పటికి రెండు కీమోలు అయ్యాయి. డబ్బు, క్యారేజీలు, రాత్రి కాపలా అంతా మా ఆయన, తమ్ముడు, పిన్ని. వాళ్ళకి ఇక్కడ థ్యాంక్స్ చెబితే తిడతారు, చెప్పను. నేను చెప్పుకోవాల్సింది పేరు కూడా అడగకుండా వదిలేసిన ఒక పెద్దాయనకి.

రెండో కీమో రోజు పక్క మంచం మీద వాళ్ళావిడకి మందు ఎక్కుతోంది, ఈయన స్టూలు మీద కూర్చుని నోటు పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు. పొదిలి అంట, ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడంట. మా అమ్మకి ఎర్ర మందు పెట్టారు, నేను ఫోన్ చూసుకుంటున్నా. అమ్మ చీర కొంగుని పిడికిట్లో నలిపేస్తోంది. నేను చూడలేదు, ఆయన చూశాడు. "ఏందమ్మా, చెయ్యి మండతా ఉందా?" అన్నాడు. అమ్మ ఏమో "కొంచెమేలే అన్నా, ఓర్చుకుంటా" అంటోంది. ఆ మాట పూర్తి కాకముందే ఆయన సిస్టర్‌ని కేకేసుకుంటూ వెళ్ళాడు. ఆవిడ వచ్చి మందు ఆపి, సిరంజితో వెనక్కి లాగి, ఐసు పెట్టి డాక్టర్ని పిలిచింది. ఆ మందు నరంలోంచి బయటికి కారితే లోపల కండ కాలిపోయి పుండు పడుతుందంట. మా అమ్మకి రూపాయి బిళ్ళంత ఎరుపుతో పోయింది. సూది దగ్గర మంట అనిపించినా, వాపు అనిపించినా ఆ క్షణమే చెప్పాలని మాకెవరూ చెప్పలేదు.

ఆ తర్వాత ఆయనే అడిగాడు, "మొదటి కీమోకి వాంతులయ్యుంటాయే, గుడ్డలు ఎవరు ఉతికారమ్మా?" మా మరదలు అన్నా. ఆ పిల్ల అక్కడే నిలబడి ఉంది, ఐదో నెల. ఆయన ముఖం మారిపోయింది. కీమో అయిన రెండు మూడు రోజులు మందు ఒంట్లోంచి మూత్రం, విరోచనం, వాంతుల్లో బయటికొస్తూ ఉంటుందంట, కడుపుతో ఉన్నవాళ్ళు అవి ముట్టుకోకూడదంట, మిగతావాళ్ళు చేతులకి తొడుగులేసుకుని తియ్యాలి, గుడ్డలు విడిగా ఉతకాలి, మరుగుదొడ్డిలో చిమ్మకుండా రెండుసార్లు నీళ్ళు పొయ్యాలి. మరదలు ఏడుపు మొదలుపెట్టింది. ఆయన "ఏడవబాకు బిడ్డా, ఇది అంటురోగం కాదు, మీ అత్త పక్కన కూర్చో, చెయ్యి పట్టుకో, ఆ గుడ్డలు మాత్రం మీ ఆయన్ని ఉతకమను" అన్నాడు. (తమ్ముడు ఉతుకుతున్నాడు. స్కాన్ తీయించాం, బిడ్డ బాగుంది.)

మొదటిసారి అమ్మకి మూత్రం ఎర్రగా వచ్చినప్పుడు రక్తం అనుకుని ఇల్లంతా బెదిరిపోయాం. అదీ అడిగా. ఆ మందు రంగే అది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది, పోకపోయినా, నొప్పి ఉన్నా మాత్రం డాక్టరుకి చెప్పండి, నీళ్ళు బాగా తాగించండి అన్నాడు.

ఇవన్నీ ఆసుపత్రి వాళ్ళు చెప్పలేదా అంటారేమో. చెప్పారు, ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాలతో రెండు పేజీలు ఫైల్లో పెట్టి. మూడు కాగితాల మీద అమ్మ చేత వేలిముద్ర వేయించుకున్నారు. పది నిమిషాలు కూర్చోబెట్టి తెలుగులో చెప్పడానికి ఎవరికీ తీరిక లేదు, పథకం కార్డు జిరాక్సులు అడగడానికి మాత్రం నలుగురున్నారు.

ఆయన నోటు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి పెద్ద అక్షరాలతో రాసిచ్చాడు. ఇదిగో నా ముందే ఉంది. "జొరం 100.4 దాటితే తెల్లారేదాకా ఆగొద్దు. డాక్టరుని అడక్కుండా డోలో వెయ్యొద్దు, జొరం దాక్కుంటది. చద్దన్నం వద్దు. జనంలోకి వద్దు." ఈ చివరిది అమ్మ శనివారం మాలకొండ గుడికి పోవాలంటే రాసింది. బస్సులో మధ్య సీట్లో కూర్చోండి, వెనకైతే ఎగరేస్తది అని కూడా చెప్పాడు.

థర్మామీటర్ ఉందా అన్నాడు. లేదన్నా. చొక్కా జేబులోంచి తనది తీసి నా చేతిలో పెట్టాడు. వాళ్ళావిడ మంచం మీంచే "మరి మనకో?" అంది. "మనం ఇంకోటి కొనుక్కుందాం, వీళ్ళు కందుకూరు చేరేసరికి మెడికల్ షాపులు కట్టేస్తారు" అన్నాడు. అంతే. నేను కావలి దాటేదాకా ఏడుస్తూనే ఉన్నా, పక్కసీటావిడ ఎవరో పోయారనుకుని నీళ్ళ బాటిల్ ఇచ్చింది.

ఆ కీమో అయిన పదో రోజు రాత్రి అమ్మ ఒళ్ళు వెచ్చగా తగిలింది. ఈ ఎండలకి ఎవరి ఒళ్ళైనా కాలుతుంది, ఆ థర్మామీటర్ లేకపోతే తడిగుడ్డ వేసి పడుకోబెట్టేదాన్ని. 101.2. పిన్ని డోలో తెచ్చింది, నేను కాగితం చూపించా. ఫైలు మీద ఉన్న ఎమర్జెన్సీ నంబరుకి ఆరుసార్లు చేశా, ఎత్తలేదు. తమ్ముడి స్నేహితుడి కారులో నెల్లూరు వెళ్ళాం. "గేటు దగ్గర మొదటి మాట కీమో పేషెంటు, జొరం అనాలి" అని కూడా పెద్దాయన ఆ రోజే చెప్పాడు, అలాగే అరిచా. అయినా కౌంటర్లో అతను కార్డేది, పాత బిల్లేది అంటూ నలభై నిమిషాలు నిలబెట్టాడు. ఆ నలభై నిమిషాలు అమ్మ చక్రాల కుర్చీలో వణుకుతూ కూర్చుంది. చివరికి ఒక కుర్ర డాక్టరమ్మ అటుగా పోతూ నా అరుపు విని తనే కుర్చీ తోసుకుంటూ లోపలికి తీసుకెళ్ళింది. రోగంతో పోరాడే తెల్లకణాలు 700 ఉన్నాయంట, కనీసం 4000 ఉండాలి. పొద్దున దాకా ఆగి ఉంటే, అని చెప్పబోయి ఆ డాక్టరమ్మ మాట ఆపేసింది.

కండక్టర్ గారికి ఇదెలా తెలుసని ఆ రోజే అడిగా. మొదటి కీమో తర్వాత వాళ్ళావిడకి జ్వరమొస్తే డోలో వేసి పడుకోబెట్టాడంట. ఆ పైన ఏం జరిగిందో చెప్పలేదు, "పద్నాలుగు రోజులు ఐసీయూ" అని మాత్రం అన్నాడు.

రాసింది చదువుకుంటే చాలామందిని వదిలేశా. కందుకూరులో అర్ధరాత్రి మొదటి యాంటీబయాటిక్ సూది వేసి పంపింది డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు, పైన నేరుగా నెల్లూరు వెళ్ళినట్టు రాశా చూడండి, నా బుర్ర అలా ఉంది. కారు నడిపిన అబ్బాయి, డీజిల్ డబ్బులు కూడా తీసుకోలేదు. ప్లేట్‌లెట్లు ఇచ్చిన ఇద్దరు కాలేజీ పిల్లలు. వార్డులో రోజూ వేణ్ణీళ్ళు తెచ్చిచ్చిన ఆయమ్మ. ఎదురింటి వాళ్ళు, మా కోళ్ళకి మేత వేసినందుకు.

మూడో కీమో ఇంకా తేదీ ఇవ్వలేదు, కణాలు పెరగాలంట. పొదిలి వైపు వాళ్ళు ఎవరైనా ఆయన్ని గుర్తుపడితే చెప్పండి, కొత్త థర్మామీటర్ కొన్నా, ఆయన పాతది మాత్రం తిరిగివ్వను.