బండి తాళాలతో పాటు

ఫ్రీమాంట్, అక్టోబరు 2024

అమ్ములూ,

మన పాత డాట్సన్ బండి తాళాలు ఈ కవర్లోనే ఉన్నాయి. రెండూ పంపేస్తున్నాను. ఒకటి నా దగ్గర ఉంచుకుంటే అది పూర్తిగా నీ బండి అవదు. కారు మాత్రం ట్రైలర్ మీద నేనే బటన్‌విల్లో రేస్ ట్రాక్ దగ్గరికి తెస్తాను. లాస్ ఏంజెలెస్ నుంచి నీకు రెండు గంటలు, ఇక్కడి నుంచి నాకు నాలుగు గంటలు. పొద్దున్నే డ్రైవర్ల మీటింగ్ ఉంటుంది కాబట్టి ముందు రోజు రాత్రికే చేరుకుందాం.

మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేదు. మన బండికి మొదట్నుంచీ ఉన్న ఎల్ 24 ఇంజన్ తీసేసి, నిస్సాన్ స్కైలైన్ జీటీఆర్ కారులో వచ్చిన ఆర్‌బి 26 ఇంజన్ పెడితే బావుంటుందని నీ ఫ్రెండ్స్ అంటున్నారన్నావు. "చూద్దాంలే" అన్నాను. ఫోన్ పెట్టేశాక మనసు మనసులో లేదు. పదమూడేళ్లు ఇద్దరం కలిసి పని చేసిన బండి గురించి నువ్వు అడిగితే చెప్పాల్సిన మాట అది కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. నీ దగ్గర ఎనిమిదేళ్లుగా దాచిన సంగతి కూడా ఒకటుంది. అదీ చెప్పాలి.

2011లో శాక్రమెంటో దగ్గర ఈ కారు చూడ్డానికి వెళ్లినప్పుడు నీకు పదకొండేళ్లు. 1972 డాట్సన్ 240 జెడ్, నిగనిగలాడే ఎరుపు రంగు. అమ్మేవాడు ఎక్కడా తుప్పు లేదన్నాడు. విజయవాడ ఆటోనగర్లో లారీలు బాగుచేసిన మీ తాతయ్య ఎప్పుడూ ఒక మాట అనేవారు, పెయింటు చూసి బండి కొనొద్దు, వేలితో కొట్టి విను అని. అది గుర్తొచ్చే మన ఫ్రిజ్ మీదున్న తిరుపతి వెంకన్న మాగ్నెట్ నీ చేతికిచ్చాను. డోర్ మీద పెట్టావు, టక్కున అతుక్కుంది. డోర్ వెనక, వెనక చక్రానికి ముందు ఉండే మూల మీద పెట్టావు, జారి కింద పడింది. మళ్లీ పెట్టావు, మళ్లీ పడింది. అక్కడ ఇనుము లేదు, పుట్టీ ఉంది. ఆ మూలన వేలితో కొడితే అట్టపెట్టె మీద కొట్టినట్టు బొదబొదమంది.

అయినా కొన్నాను. అంత ఇష్టం నాకు ఆ కారంటే. బేరమాడి ధర తగ్గించుకున్నాను కానీ, ఇంటికి తెచ్చి కార్పెట్ ఎత్తితే డ్రైవర్ సీటు కింద స్క్రూడ్రైవర్ సర్రున కిందికి దిగిపోయింది. ఈ కార్లకి వాడింది పలచటి రేకు, తుప్పు ఆపే ఏర్పాటు చాలా తక్కువ. ముందు అద్దం కింద ఆకులు చేరి నీళ్లు పోయే దారి మూసుకుంటే ఆ నీళ్లు లోపలికే దిగుతాయి. బ్యాటరీ కింద తట్టని యాసిడ్ తినేస్తుంది. నేల మీద అతికించిన తారు షీట్ కింద తడి చేరితే ఇక ఆరదు. ఇవన్నీ నువ్వు కళ్లారా చూసినవే. నేల రేకులూ, వాటి కింది ఇనుప దూలాలూ కోసి కొత్తవి వెల్డింగ్ చేసుకునేసరికి ఏడాది గడిచింది. అయినా వానాకాలం మొదలయ్యే ముందు ప్రతిసారీ ఆ అద్దం కింద వేలు పెట్టి చూసుకో.

స్పిండిల్ పిన్ను నీకు గుర్తుండే ఉంటుంది. మరిచిపోయేదా అది! వెనక చక్రం హబ్‌లోంచి కింది ఆర్మ్‌ని పట్టి ఉంచే జానెడు పైచిలుకు పొడవున్న పిన్ను. నలభై ఏళ్ల తుప్పుతో హబ్‌తో ఏకమైపోయింది. నడిమి లాక్ బోల్టు తీశాం, రాత్రంతా నూనె పట్టించాం, టార్చితో కాల్చాం. కదల్లేదు. నాకు విసుగొచ్చి పెద్ద సుత్తి తీసుకున్నాను. "నాన్నా, మర విరిగిపోతుంది" అన్నావు. నేను వినలేదు. నాలుగు దెబ్బలకి పిన్ను చివర పుట్టగొడుగులా విచ్చుకుంది, మర పోయింది. మూడు శనివారాలు దానికే పోయాయి. చివరికి రెండో చక్రం దగ్గర నువ్వే అన్నావు, కొట్టడం కాదు, లాగుదాం అని. పిన్ను చుట్టూ ముక్క పైపు, దాని మీద మందపాటి వాషర్లు, పిన్ను మరకి పొడుగు నట్టు. పొడుగు పానాతో పావు తిప్పు, ఆగు, మళ్లీ పావు తిప్పు. పానా బిగిసిపోయి ఇక తిరగదనుకున్నప్పుడు ఠప్పుమని తుపాకీ పేలినట్టు శబ్దం వచ్చింది. మీ అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. పిన్ను అర అంగుళం బయటికొచ్చి ఉంది. నీ మొహం నిండా తుప్పు పొడి. ఆ రోజు నీకు పద్నాలుగేళ్లు. నీకు పని వచ్చిందని నాకు తెలిసింది ఆ రోజే.

ఇప్పుడు ఇంజన్ సంగతి.

మీ ఆఫీసు ఎల్ సెగుండోలోనే కదా. పీట్ బ్రాక్ నడిపిన రేసింగ్ టీమ్ బీఆర్‌ఈ షాపు ఒకప్పుడు ఆ ఊళ్లోనే ఉండేది. అక్కడ తయారైన 46వ నంబరు 240 జెడ్ మీద జాన్ మోర్టన్ 1970లో, 71లో వరసగా రెండేళ్లు అమెరికా స్పోర్ట్స్ కార్ క్లబ్ ఎస్‌సిసిఎ పోటీల్లో సి ప్రొడక్షన్ తరగతి జాతీయ ఛాంపియన్ అయ్యాడు. వాళ్ల ఇంజన్ కూడా ఇదే ఎల్ 24. 2,393 సీసీ, ఆరు సిలిండర్లు, ఒకే క్యామ్. షోరూమ్‌లో 3,526 డాలర్లకి అమ్మిన కారు అది. డాట్సన్ కార్లు చేసిన నిస్సాన్ కంపెనీని అమెరికాలో నడిపిన యుటాకా కటయామా ఈ కారు కోసం కంపెనీలో గట్టిగా పట్టుబట్టాడు. జపాన్‌లో పెట్టిన ఫెయిర్‌లేడీ పేరు ఇక్కడ నడవదని 240 జెడ్ అనే పిలిపించాడు. నూట అయిదేళ్లు బతికి 2015లో పోయాడు. ఆ వార్త చదివి ఆ రోజు గరాజ్‌లో ఇద్దరం కాసేపు పని ఆపేశాం, గుర్తుందా?

శేఖర్ మెహతా గురించి నీకెప్పుడూ చెప్పలేదనుకుంటా. ఉగాండాలో పుట్టిన భారతీయుడు. 1972లో ఈదీ అమీన్ మనవాళ్లందరినీ వెళ్లగొట్టాక కెన్యా చేరాడు. మరుసటి ఏడాదే, 1973లో, ఈస్ట్ ఆఫ్రికన్ సఫారీ ర్యాలీ గెలిచాడు, 240 జెడ్ మీద. రాళ్లూ బురదా గుంటలూ నిండిన దారుల్లో వేల కిలోమీటర్లు! 1971లో కూడా ఆ ర్యాలీ గెలిచింది ఈ కారే. పుట్టిన దేశం వదిలి వచ్చినవాడు ఇలాంటి కారెక్కి గెలిచాడని చదివినప్పుడల్లా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

ఈ ఇంజన్ని పాతదని తీసిపారేయొద్దని ఇదంతా చెబుతున్నాను. ఆర్‌బి 26 గొప్పది కాదని కాదు. 2,568 సీసీ, రెండు టర్బోలు, కంపెనీ చెప్పిన లెక్కే 280 హార్స్‌పవర్. మనది కొత్తలో 151, అదీ ఎక్కువ చేసి చూపే పాత పద్ధతి లెక్కలో. అంత బలం ఒక్కసారి ఎక్కిస్తే వెనక చక్రాలకి బలం పంచే ఆర్ 180 డిఫరెన్షియల్ తట్టుకోదు, ఇంకా గట్టిదైన ఆర్ 200 పెట్టాలి. తర్వాత హాఫ్ షాఫ్టులు. తర్వాత క్లచ్, రేడియేటర్, పెట్రోల్ లైన్లు. ఆ తర్వాత మనం అతికించిన నేలే మెలి తిరగడం మొదలుపెడుతుంది. 1975, అంతకు ముందు కార్లకి ఇక్కడ కాలిఫోర్నియాలో స్మాగ్ పరీక్ష, అంటే పొగ పరీక్ష, లేదు కాబట్టి అడ్డు చెప్పేవాళ్లు ఉండరు. అందుకే నేను చెబుతున్నాను.

ఇక దాచిన సంగతి. 2016లో థండర్‌హిల్ రేస్ ట్రాక్‌కి వెళ్లాం. నువ్వు ప్యాడాక్‌లో, బళ్లు ఆపుకునే చోట, కుర్చీ వేసుకుని టైములు రాసుకుంటున్నావు. నేను దుమ్ము కొట్టుకుని వచ్చి, కొంచెం పక్కకి పోయానంతే అని చెప్పాను. అది నిజం కాదు. మూడో సెషన్‌లో పొడుగు స్ట్రెయిట్ చివర బ్రేకు తొక్కితే పెడల్ నేలకి తగిలింది. అడ్డు ఏమీ లేదు, గాల్లో కాలు పెట్టినట్టుంది. మళ్లీ తొక్కాను, మళ్లీ తొక్కాను. మూడోసారి కాస్త పట్టింది. గేరు దించాను, కారు తిన్నగా గడ్డిలోకి పోయి, ఎంత దూరం పోయిందో నాకు తెలియదు, ఆగింది. చేతులు స్టీరింగ్ మీంచి రాలేదు. అద్దంలో దూరంగా నువ్వున్న టెంటు కనపడుతోంది.

తప్పు బండిది కాదు, నాది. ఆ ఏడాది డబ్బంతా మూడు వెబర్ కార్బురేటర్లకీ, ఎగ్జాస్ట్‌కీ పోశాను. బ్రేక్ ఫ్లూయిడ్ మాత్రం నాలుగేళ్ల నాటిది. అది గాల్లోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. మరిగితే ఆవిరి బుడగలు, బుడగల్ని తొక్కితే పెడల్ నేలకి. ఇంజనీరుని, ఇదంతా నాకు ముందే తెలుసు. తెలిసీ బలం వెంట పడ్డాను. ఆ చలికాలమే వెబర్లు అమ్మేసి పాత రెండు ఎస్‌యూ కార్బురేటర్లు మళ్లీ ఎందుకు పెట్టానో నువ్వు చాలాసార్లు అడిగావు. ఆ డబ్బుతోనే టొయోటా 4x4 ట్రక్కు నాలుగు పిస్టన్ల బ్రేకు కాలిపర్లు వచ్చాయి, స్టీలు అల్లిక బ్రేకు హోసులు వచ్చాయి.

మొన్న ఆదివారం ఫ్లూయిడ్ మొత్తం మార్చాను. అయినా నా మాట నమ్మకు, పొద్దున్నే నువ్వే పెడల్ తొక్కి చూడు. ట్రాక్ మీద ప్రతి స్ట్రెయిట్‌లో బ్రేకు వేసే చోటికి చాలా ముందే పెడల్ని ఒకసారి మెల్లగా తట్టు. గట్టిగా తగిలితే సరే. మెత్తగా ఉంటే ఆ ల్యాప్ వదిలేసి చెయ్యెత్తి లోపలికి వచ్చెయ్, ఎవరేమనుకున్నా. చివరి ల్యాప్ బ్రేకు వాడకుండా చల్లబరచు. ఆగాక హ్యాండ్ బ్రేకు లాగొద్దు, చక్రానికి దిమ్మ పెట్టు. వేగం పెరిగేకొద్దీ ఈ కారు ముక్కు తేలికవుతుంది, స్టీరింగ్ చేతిలో వదులైనట్టుంటే భయపడకు, కింద పెట్టిన స్పాయిలర్ కొంతవరకే ఆపుతుంది. హెల్మెట్ కారు రేసులకి ఇచ్చే ఎస్ఏ ముద్ర ఉన్నదే తెచ్చుకో, మోటార్ సైకిల్‌ది వద్దు, మంటల పరీక్ష దానికి ఉండదు. కోన్ల మధ్య ఆటోక్రాస్ రెండేళ్లు బాగా తిప్పావు, కానీ అక్కడ పొరపాటు చేస్తే కోను పడుతుంది. ఇక్కడ అలా కాదు.

ఇంజన్ విషయంలో నాకు తోచింది ఇది. ఒక్క సీజన్ ఈ ఎల్ 24తోనే తిప్పు. బండి ఎక్కడ వంగుతోందో, ఎక్కడ జారుతోందో నీ నడుముకి తెలియాలి. ఆ తర్వాత కూడా బలం చాలదనిపిస్తే దీనికి పెద్దన్న లాంటి ఎల్ 28 ఇంజన్ చూడు. 2,753 సీసీ, ఇవే మౌంట్ల మీద కూర్చుంటుంది, ఇవే కార్బురేటర్లు పడతాయి. అప్పటికీ ఆర్‌బినే కావాలంటే పెట్టుకో, నేనే వచ్చి ఇంజన్ ఎత్తే హాయిస్ట్ పట్టుకుంటాను. ఎల్ 24ని మాత్రం అమ్మకు. స్టాండు మీద పెట్టి మన గరాజ్‌లో ఉంచు. దాని నంబరు, బండికి కంపెనీ బిగించిన ప్లేటు మీది ఇంజన్ నంబరు ఒకటే.

బటన్‌విల్లోలో చలిపొద్దున కార్బురేటర్లు ఒకసారి చూసుకోవాల్సి వస్తుంది. ముందుది మూడు సిలిండర్లకి, వెనకది మూడింటికి. ఇంజన్ వేడెక్కాక ఎయిర్ క్లీనర్ తీసి, రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, రెండోది కార్బురేటర్ నోటి దగ్గర పెట్టు. స్స్... అని వినిపిస్తుంది. రెండోదాని దగ్గర కూడా అదే స్స్ రావాలి. తక్కువొచ్చిన వైపు స్క్రూ పిసరంత తిప్పు. తర్వాత సన్నటి స్క్రూడ్రైవర్‌తో కార్బురేటర్ లోపలి పిస్టన్ని ఒక మిల్లీమీటరు లేపు. ఇంజన్ వేగం కొంచెం పెరిగి మళ్లీ సర్దుకుంటే సరిపోయినట్టు. పెరిగి అక్కడే ఉండిపోతే పెట్రోల్ ఎక్కువ, ఆగిపోబోతే తక్కువ. మీ తాతయ్య లారీ బేరింగులు పొడుగు స్క్రూడ్రైవర్ చెవికి ఆనించి వినేవారు. నాకు ఆయన నేర్పింది అదే, నీకు నేను నేర్పిందీ అదే, కాకపోతే మనది గొట్టం. ఈ మధ్య నా కుడి చెవికి సన్నటి శబ్దాలు సరిగ్గా అందడం లేదు. పోయిన నెల ముందూ వెనకా ఒకేలా వినపడ్డాయి, తీరా చూస్తే ప్లగ్గులు మూడు నల్లగా, మూడు తెల్లగా ఉన్నాయి. అందుకని ఈసారి నేను ముట్టుకోలేదు.

గొట్టం గ్లోవ్ బాక్స్‌లో పెట్టాను. పచ్చ టేపు చుట్టిన కొస చెవి వైపు.

నాన్న